ఓరెస్ట్ బిలాష్ అందుకున్న పొగాకు

బెంచీ వేద్దామన్నారు.

రెండేళ్ళు వారం వారం కూర్చుని మాట్లాడుకుని, పెట్టెలకి పెట్టెలు డోనట్లు ఖాళీ చేసి, మా ‘రెండు ఒడ్లు’ యువజన సంఘం చివరికి తేల్చిన ఘనకార్యం అది. లైబ్రరీ ముందు ఒక చెక్క బెంచీ. దానికి సఖ్యతా బెంచీ అని పేరు. ఒక చివర రిజర్వు వాళ్ళు, ఇంకో చివర ఊరివాళ్ళు కూర్చుని ఒకరి మనసు ఒకరు తెలుసుకోవాలట! నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పేరు టానిస్. నదికి ఉత్తరపు ఒడ్డున, ప్రభుత్వం ఆదివాసులకని విడిచిన రెడ్ విల్లో రిజర్వు మాది, మేం క్రీ తెగవాళ్ళం. దక్షిణపు ఒడ్డున ఎల్డ్రిడ్జ్ ఊరు. గోధుమ, కనోలా నూనెగింజలు పండించే తెల్లవాళ్ళ ఊరు. మధ్యలో వంతెన ఉంది. మేం సరుకులకి అటు వెళతాం, వాళ్ళు చేపలు పట్టడానికి ఇటు వస్తారు. అంతకు మించి ఒకరి గుమ్మం ఒకరు తొక్కం. దాన్ని మార్చాలనే ఈ సంఘం. అటు నుంచి లూకస్ బిలాష్, ఇటు నుంచి నేను, ఇద్దరం సంఘానికి పెద్దలం. మా ఇద్దరి నెత్తిన టౌన్ ఆఫీసు పెట్టిన మార్లీన్.

మార్లీన్ చెడ్డ మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే ఒక్క తిట్టు తిట్టి లేచిపోయేదాన్ని. ఆవిడ ప్రతి మీటింగుకీ, పోయిన మా పిల్లల గుర్తుగా జనం వేసుకునే నారింజ రంగు చొక్కా వేసుకొస్తుంది, మా భాషలో నమస్కారం చెబుతుంది, మా కష్టాలు వింటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఏదైనా చెయ్యమంటే మాత్రం ఇంకో మీటింగు పెడుతుంది.

"మార్లీన్, మరి మా కోకుమ్ సంగతేమిటి?" అన్నాను బెంచీ బొమ్మ చేతులు మారుతుండగా.

కోకుమ్ అంటే మా అమ్మమ్మ. పేరు ఫిలోమీన్. చిన్నప్పుడు ఆవిణ్ణీ, ఆవిడ తమ్ముడు అంబ్రోస్‌నీ ఇంట్లోంచి లాక్కెళ్ళి నది అవతలి బోర్డింగ్ బడిలో పడేశారు. అప్పట్లో మా పిల్లలందరికీ అదే గతి. ఏడేళ్ళ అంబ్రోస్ ఒక చలికాలం దగ్గి దగ్గి ప్రాణం వదిలాడు. వాణ్ణి పశువుల కొట్టం వెనక్కి మోసుకెళ్ళడం కోకుమ్ పడకగది కిటికీలోంచి చూసింది. తరవాత బడి మూతపడింది, కొట్టం కూలిపోయింది, ఆ నేలని ఒక రైతు కొనుక్కున్నాడు. ఇప్పుడక్కడ కనోలా పూస్తుంది. జూలైలో కార్లు ఆపి ఆ పసుప్పచ్చని చేలో ఫోటోలు దిగుతారు జనం.

మాలో పోయినవాళ్ళకి వడ్డించాలి. వాళ్ళు పడుకున్న చోటికి వెళ్ళి, ముందు వాళ్ళకి పెట్టి, తరవాత మనం తినాలి. కోకుమ్ తన అమ్మకి పెట్టింది, నాన్నకి పెట్టింది, మొగుడికి పెట్టింది. తమ్ముడికి మాత్రం ఒక్కసారి కూడా పెట్టలేకపోయింది. ఆవిడ గుండె బాగా బలహీనపడిందని డాక్టరు నిరుడే చెప్పాడు. "వాడి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా పోనే?" అని నన్ను పట్టుకుని ఒకరోజు చిన్నపిల్లలా ఏడ్చింది. నేను సంఘంలో చేరింది అందుకే. చొక్కాల కోసమూ కాదు, డోనట్ల కోసమూ కాదు.

ఆ పొలం ఆసామి ఓరెస్ట్ బిలాష్. నా పక్కన కూర్చుని షూ లేసుతో ఆడుకుంటున్న లూకస్‌కి స్వయానా తాత. మావాళ్ళు ఎప్పుడు అడిగినా ఆయనది ఒకటే మాట: "అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు."

"అది చాలా సున్నితమైన విషయం టానిస్," అంది మార్లీన్. "సొంత ఆస్తి కదమ్మా. మనం అందర్నీ కలుపుకుపోవాలి."

"కలుపుకుపోదామనేగా నేనూ అంటున్నాను. ఆయన గేటు తీస్తే కలుస్తాం."

"ఈ బెంచీ ఒక మొదటి అడుగు అనుకో."

"బెంచీ మీద కూర్చుంటారు మార్లీన్. అడుగెక్కడ వేస్తారు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మార్లీన్ మొహం చిన్నబోయింది, నన్నే అందరూ తప్పుపట్టినట్టు చూశారు. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. చేతులెత్తారు, బెంచీ గెలిచింది.

ఇంటికొచ్చి కోకుమ్‌కి చెబితే, పూసలు కుడుతున్న సూది ఆపి కళ్ళద్దాల మీంచి చూసింది. "బెంచీనా? మాకు కూర్చోడం రాకనా తల్లీ ఇన్నాళ్ళూ? కూర్చోనిస్తేగా!" అని పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు లూకస్‌ని వంతెన దగ్గర పట్టుకున్నాను.

"ఒరేయ్, నీకు నోట్లో నాలుక లేదా? నిన్న అంత జరుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు!"

"ఏం చెప్పమంటావే? మా గీదో సంగతి నీకు తెలీదు. ఆ పొలం మాటెత్తితే అన్నం దగ్గర్నుంచి లేచిపోతాడు." వాళ్ళు ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు, తాతని గీదో అంటారు.

"ఈస్టర్ వెళ్ళిన ఆదివారం నువ్వూ, మీ గీదో చర్చి వెనక సమాధుల దగ్గరికి రొట్టె, రంగు గుడ్లు పట్టుకెళ్ళి అక్కడే కూర్చుని తింటారా లేదా?"

"తింటాం. మా ముత్తాతకీ ముత్తవ్వకీ... అది వేరు."

"ఎలా వేరు?"

వాడు నది వంక చూశాడు. వాడి మీద కోపం, జాలీ రెండూ ఒక్కసారే వచ్చాయి. మంచివాడే, కానీ ఆ మంచితనమంతా లోపలే మూలుగుతూ ఉంటుంది, బయటికి రాదు.

"అడుగుతాలే," అన్నాడు చివరికి.

నేను నమ్మలేదు. కానీ అడిగాడు! ఎలా అడిగాడో, ఎన్ని చీవాట్లు తిన్నాడో చెప్పలేదు. పెద్దాయన షరతులు మాత్రం చెప్పాడు. విత్తనాలు వెయ్యకముందే రావాలి. ముసలావిడా, నేనూ మాత్రమే రావాలి. జెండాలు, కెమెరాలు తేకూడదు. వచ్చామని ఎవరికీ చెప్పకూడదు. కోకుమ్ అన్నిటికీ సరే అంది. ముందురోజు బానక్ రొట్టె కాల్చింది, ఎండు మాంసం నలగ్గొట్టింది, దాచుకున్న సాస్కటూన్ పళ్ళు ఉడికించింది. అంబ్రోస్‌కి తీపి ఇష్టమట. పళ్ళలో పంచదార వేసి, రుచి చూసి, మళ్ళీ వేసింది.

మే నెల, మంచు కరిగి నేల నల్లగా ఉంది. ఓరెస్ట్ గేటు దగ్గర ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, విత్తనాల కంపెనీ టోపీ, కళ్ళు మాత్రం ఎవరి వంకా చూడవు. లూకస్ మా ఇద్దరి మధ్యా నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

కోకుమ్ రిబ్బన్ల లంగా సర్దుకుని, సంచీలోంచి ఎర్ర గుడ్డలో కట్టిన పొగాకు మూట తీసి ఆయన ముందు చాపింది.

"ఓరెస్ట్, ఇక్కడ నా తమ్ముడున్నాడు. ఇకమీదట వాడి మీద నాగలి పెట్టకు. అది అడగడానికే ఇది."

ఇది అడుగుతుందని నేననుకోలేదు. మాలో ఎవరినైనా పెద్ద సాయం అడగాలంటే ముందు పొగాకు ఇచ్చి అడుగుతాం. చెయ్యడం ఇష్టం లేకపోతే అందుకోకూడదు. అందుకోకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. అందుకుంటే మాత్రం ఒప్పుకున్నట్టే. సంతకాలూ సాక్షులూ అక్కర్లేదు. ఆ సంగతి లూకస్‌కి బాగా తెలుసు. ఆ చలికాలమే బడిపిల్లల కోసం దాని మీద రంగురంగుల పోస్టరు వేసింది వాడే.

"అయ్యో, ఇవన్నీ ఎందుకమ్మా!" అన్నాడు పెద్దాయన మొహమాటపడుతూ. "నేను పొగ మానేసి చాన్నాళ్ళయింది." అంటూనే రెండు చేతులా అందుకున్నాడు. వాళ్ళిళ్ళల్లో ముసలావిడ ప్రేమగా ఇచ్చింది కాదంటే చెంపమీద కొట్టినట్టే. "మిగతా సంగతి చూద్దాం లెండి," అని గొణిగి మూట చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చూద్దాం లెండి అంటే ఏమిటో నాకు తెలీదూ? కానీ కోకుమ్ ఆయన నోటి వంక చూడలేదు, చేతుల వంక చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను లూకస్ వంక చూశాను. చెప్పరా అని కళ్ళతోనే అన్నాను. వాడు గేటు గొళ్ళెం సరిచేస్తూ ఉండిపోయాడు.

లోపలికి నడిచాం. కొంత దూరం వెళ్ళాక కోకుమ్ ఆగిపోయింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. కొట్టం లేదు, బడి లేదు, కంచె లేదు, ఆకాశం దాకా దున్నిన నేల. "కిటికీలోంచి చూశానే... ఎటో తెలియడం లేదే తల్లీ," అంది.

"అటు కాదమ్మా," అన్నాడు వెనక నుంచి ఓరెస్ట్. "ఆ రాళ్ళకుప్ప దాటి ఎడమ పక్కకి."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. లూకస్ తాత వంక కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. రాళ్ళు తప్ప ఏమీ లేవన్నాడే! మా అమ్మ అడిగినప్పుడు, మా తెగ చీఫ్ అడిగినప్పుడు, ఇన్నేళ్ళూ మొహమ్మీద తలుపేసి అదే మాట చెప్పాడే! అరవబోయాను. కోకుమ్ నా మణికట్టు పట్టుకుని, "వడ్డించు," అంది.

వడ్డించాను. కోకుమ్ నేల మీద కూర్చుని తమ్ముడితో క్రీలో మాట్లాడింది. ఆలస్యమైందిరా అంది, తిట్టుకోకురా అంది. తరవాత మేం తిన్నాం. ఆవిడ ఓరెస్ట్‌ని కూడా పిలిచింది. ఆయన టోపీ తీసి, ఒక బానక్ ముక్క నుంచునే నమిలాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో కోకుమ్ చాలా ఏళ్ళ తరవాత పాట పాడింది.

నెల తిరక్కుండా ఓరెస్ట్ ఆ మూలతో సహా పొలమంతా విత్తేశాడు.

నేను వంతెన దాటి అటుగా వెళ్తూ చూశాను. రాళ్ళకుప్పకి ఎడమ పక్క, మేం కూర్చున్న చోట కూడా యంత్రం నడిచిన చాళ్ళు, దువ్వెనతో దువ్వినట్టు. కారు పక్కకి ఆపి గట్టిగా అరిచాను. అక్కడ వినేవాళ్ళెవరూ లేరు.

తిన్నగా సంఘం షెడ్డుకి వెళ్ళాను. లూకస్ బెంచీకి వార్నిష్ పూస్తున్నాడు.

"పొగాకు అందుకుని విత్తనాలు వేశాడు మీ తాత!"

"ఆయనకి తెలీదు టానిస్. బహుమతి అనుకున్నాడు."

"నీకు తెలుసుగా! పోస్టరు వేశావుగా, రంగులు కూడా దిద్దావుగా!"

"అప్పుడే ఆయన మొదటిసారి కాస్త మెత్తబడ్డాడే. ఆ మాట చెప్పుంటే అక్కడికక్కడే గేటు మూసేసేవాడు. మీ అమ్మమ్మ వడ్డించుకునేది కూడా కాదు."

అందులో నిజం ఉంది. నిజం ఉన్నందుకు ఇంకా మండింది. "సరే, ఇప్పుడు చెప్పు."

"చెబుతా. ఈ బెంచీ పని అయిపోనీ. మార్లీన్ ఆ రోజు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీయాలంటోంది. ఆయన వస్తానన్నాడు కూడా. ఇప్పుడు కదిపితే..."

"ఫోటోనా! కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందట్రా?" అని వార్నిష్ డబ్బాని ఒక్క తన్ను తన్నాను. సగం నా జీన్సు మీదే ఒలికింది. కోపానికి కూడా నా మీద కోపమే!

ఇంటి దగ్గర ఇంకో నరకం. ఎవరికీ చెప్పకూడదన్న షరతు మరిచిపోయినట్టు, కోకుమ్ బింగో ఆటకి వెళ్ళినా, క్లినిక్‌కి వెళ్ళినా ఒకటే పాట. "బిలాష్ పొగాకు అందుకున్నాడు. మాట మీద నిలబడే మనిషి. మనమే ఊరికే ఆడిపోసుకున్నాం." ఆవిడతో చాళ్ళ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మూసి, తెరిచి, మూసి, చివరికి నేనూ లూకస్‌లాగే తయారయ్యాను. ఆ గుండెతో ఉన్న మనిషికి ఎలా చెప్పను?

జూన్‌లో బెంచీ పండగ వచ్చింది. లైబ్రరీ ముందు కుర్చీలు, బెలూన్లు, బెంచీ ఆకారంలో కేకు. మేయరు మాట్లాడాడు, ఇది చరిత్రాత్మకం అన్నాడు. మార్లీన్ మాట్లాడింది, ఏడ్చింది. మావాళ్ళు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. కోకుమ్‌నీ ఓరెస్ట్‌నీ బెంచీ చెరో చివరా కూర్చోబెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కాలో ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. ఫోటో తీయబోతుంటే కోకుమ్ మైకు అడిగింది.

"ఈయనకి మీ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలి," అంది తీరిగ్గా. "మే నెలలో నేనిచ్చిన పొగాకు అందుకున్నాడు. మా తమ్ముడు పడుకున్న చోట ఇక నాగలి పెట్టనని మాటిచ్చాడు."

చప్పట్లు మొదలయ్యాయి. నాకు కుర్చీతో సహా భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఆమధ్య మా అమ్మాయి, టానిస్ వాళ్ళమ్మ, కారులో అటుగా తీసుకెళ్ళింది. పచ్చగా మొలిచింది అంతా. మరిచిపోయుంటాడు పాపం. ఈ వయసులో నాకూ మరుపే. అందుకని గుర్తు చేస్తున్నా."

చప్పట్లు ఆగిపోయాయి. అయితే ఆవిడకి తెలుసు! అన్నీ తెలిసే బింగోలో ఆయన్ని అంత పొగిడింది. ఊరూ రిజర్వూ మొత్తానికి ఆ మాట పాకేదాకా పొగిడింది.

ఓరెస్ట్ మనవడి వంక తిరిగాడు. "ఇదేమిట్రా? నేనేం మాటిచ్చాను?"

ఈసారి లూకస్ లేచి నిలబడ్డాడు. "పొగాకు అందుకుంటే ఆవిడ అడిగింది ఒప్పుకున్నట్టు గీదో. నాకు తెలుసు. నీకు చెప్పలేదు. తప్పు నాది."

పెద్దాయన రోడ్డు పక్కన ఆపిన ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. ముందు అద్దం దగ్గర పెట్టుకున్న ఎర్ర మూట తీసుకొచ్చి కోకుమ్ ముందు చాపాడు.

"తెలియక తీసుకున్నానమ్మా. వెనక్కి తీసేసుకోండి. ఆ నేల మా నాన్న రెక్కలు ముక్కలు చేసుకుని కొన్నది. ఈరోజు మూల వదిలెయ్యమంటారు, రేపు ప్రభుత్వం వచ్చి మొత్తం వదిలెయ్యమంటుంది. నా వల్ల కాదు."

"అక్కడేమీ లేదన్నారుగా!" అని అరిచాను. ఇక ఆగలేదు. "ఏమీ లేనిచోటికి ప్రభుత్వం ఎందుకొస్తుంది పెద్దాయనా? రాళ్ళు ఏరడానికా?"

"టానిస్, ఈరోజు వద్దమ్మా, ప్లీజ్," అంది మార్లీన్ నా మోచెయ్యి పట్టుకుని. "అందరం చల్లబడదాం. కేకు కోద్దాం." ఆవిడ చెయ్యి విదిలించేశాను. సఖ్యత కోసం పెట్టిన సభలో నోరెత్తకూడని విషయం అదొక్కటే మరి!

కోకుమ్ మూట వంక చూసింది. అందుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అదిప్పుడు నాది కాదయ్యా. వాడి కోసం ఇచ్చాను. వద్దనుకుంటే వెళ్ళి వాడికే ఇచ్చెయ్. ఎక్కడున్నాడో నాకంటే నీకే బాగా తెలుసు."

ఓరెస్ట్ అలాగే నిలబడ్డాడు, మూట పట్టుకున్న చెయ్యి చాపి. తీరా మాట వచ్చినప్పుడు, ముందు వరసలో ఉన్న నాకే సరిగ్గా వినపడనంత చిన్నగా వచ్చింది.

"అందులో మీ తమ్ముడిది ఏదో నాకు తెలీదమ్మా."

"ఎందులో?" అంది కోకుమ్.

"మా నాన్న ఆ సమాధుల మీది శిలువలు పీకుతుంటే బండికెత్తింది నేనే. పద్దెనిమిదేళ్ళవాణ్ణి. మాట్లాడకు, ఎత్తు అన్నాడు." ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "పదకొండు."

రెండేళ్ళు నేను గొంతు చించుకున్నది ఈ ఒక్క మాట కోసమే. వచ్చింది. వస్తే గెలిచినట్టుంటుందనుకున్నాను. అలా లేదు.

"పదకొండా?" అంది కోకుమ్. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడవసాగింది. అంబ్రోస్ అంది. ఇసడోర్ అంది. ఏడాది తరవాత కొట్టం వెనక్కి మోసుకెళ్ళిన చిన్న మార్గెరీట్ అంది. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. మిగిలిన వేళ్ళ వంక, తరవాత ఓరెస్ట్ వంక, అర్థం కానట్టు చూసింది.

"జబ్బుపడ్డ మిగతా పిల్లల్ని ఇళ్ళకి పంపించేశామని బళ్ళో చెప్పారే మాకు," అంది.